సత్యమునకు అంకె నిచ్చిన ఉపాధ్యాయుడు: జార్జి బూలు

కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయు విద్య నేడు మన పాఠశాలలలోను కళాశాలలలోను ప్రవేశించినది. పైథాన్ భాషతో ఆ విద్యను ఆరంభించు విద్యార్థికి మొదటి దినములలోనే నాలుగు రకముల విలువలు పరిచయమగును. పూర్ణాంకమునకు ఇంట్ అనియు, దశాంశసంఖ్యకు ఫ్లోట్ అనియు, అక్షరముల వరుసకు స్ట్రింగు అనియు, నిజము, అబద్ధము అను రెండు విలువలు మాత్రమే గలదానికి బూల్ అనియు పేర్లు. మొదటి మూడు పేర్లును ఆయా విలువల స్వభావమును బట్టి వచ్చినవి. నాలుగవది మాత్రము ఒక మనుష్యుని పేరు. ఆ మనుష్యుడు కంప్యూటరును ఎరుగడు. విద్యుద్దీపము ఇంటింట వెలుగుట కూడ చూడలేదు. ఒక చర్మకారుని కుమారుడు, ఏ విశ్వవిద్యాలయమునను చదువనివాడు, పదునారేండ్లకే బడిపంతులైనవాడు. ఆయన పేరు జార్జి బూలు.

ఒక రకపు విలువను మరియొక రకముగా మార్చుట ప్రోగ్రాములు నేర్చువారికి తొలిమెట్టు. చూచుటకు ఇది చిన్న పని. కాని బాలురు తరచుగా కాలుజారునదియు ఇచ్చటనే. అంకెను అక్షరముగా, అక్షరమును అంకెగా, నిజమును ఒకటిగా, ఒకటిని నిజముగా మార్చునప్పుడు విలువలో ఏది నిలుచును? ఏది పోవును? యంత్రములు పుట్టకముందే ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నవాడు బూలు. కావుననే ఆయన జీవితమును తెలిసికొనుట గణితాభిమానులకే గాక, బోధించువారికిని నేర్చువారికిని ఉపయోగకరము.

బాల్యము

బూలు 1815వ సంవత్సరము నవంబరు 2వ తేదీన ఇంగ్లండులోని లింకన్ పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ బూలు చెప్పులు కుట్టి జీవించువాడు. అయినను అతని మనస్సు వృత్తిపై కంటె గణితముపైనను, దుర్భిణులు మొదలగు దృక్సాధనములు చేయుటపైనను ఎక్కువగా లగ్నమై యుండెను. తల్లి మేరీ ఆన్ పెండ్లికి పూర్వము ఒక సంపన్నగృహములో పరిచారిక. తండ్రి తనకు తెలిసిన గణితమునంతయు కుమారునకు నేర్పెను. లాటిన్ భాషను నేర్పినవాడు ఇరుగుపొరుగుననున్న పుస్తకవిక్రేత విలియమ్ బ్రూక్. గ్రీకు భాషను ఆ బాలుడు స్వయముగా సాధించెను.

పదునాలుగేండ్ల వయస్సున ఒక గ్రీకు పద్యమును ఆంగ్లములోనికి అనువదింపగా తండ్రి మురిసిపోయి దానిని స్థానికపత్రికలో ప్రకటింపజేసెను. ఆ ప్రాయపు బాలుడు అట్టి అనువాదము చేయజాలడని ఒక ఉపాధ్యాయుడు పత్రికాముఖమున సందేహము వెలిబుచ్చెను. ఒక వస్తువును ఒక భాషనుండి మరియొక భాషకు తెచ్చునప్పుడు అది చెడకుండ తెచ్చుట ఎట్లు అను సమస్య ఆయన జీవితములో మొదటిసారి తలయెత్తినది అప్పుడే యని చెప్పవచ్చును.

బడిపంతులు

1831లో తండ్రి వ్యాపారము కుప్పకూలెను. తల్లిదండ్రులను, తోబుట్టువులను పోషించు భారము పదునారేండ్ల జార్జిపై పడెను. ఆయన డాంకాస్టరు పట్టణములో ఒక పాఠశాలలో సహాయోపాధ్యాయుడుగా చేరెను. మతాచార్యుడు కావలెనను కోరిక ఒకప్పుడు ఉండెడిది. కుటుంబపోషణకొరకు దానిని విడిచిపెట్టెను. డాంకాస్టరులో ఉన్న కాలముననే, 1833 ప్రాంతమున, ఒక పొలమునకు అడ్డముగా నడచిపోవుచుండగా మనుష్యుని ఆలోచనను బీజగణితముగా వ్రాయవచ్చునను భావము మెరుపువలె తోచినదని ఆయన జీవితచరిత్రకారులు చెప్పుదురు. ఆ మెరుపు గ్రంథరూపము దాల్చుటకు పదునాలుగేండ్లు పట్టెను.

ఇతరుల బడిలో ఉద్యోగము నిలకడగా లేకపోవుటచే, 1834లో, పందొమ్మిదేండ్ల వయస్సున, లింకన్‌లో తానే ఒక పాఠశాల తెరచెను. పగలు పిల్లలకు పాఠములు; రాత్రి తన చదువు. గణితగ్రంథములనే ఎన్నుకొనుటకు కారణము పేదరికము కూడ అని చెప్పుదురు. సాహిత్యగ్రంథము ఒక వారములో పూర్తియగును. గణితగ్రంథము ఒకటి కొన్నచో అది నెలల తరబడి పని కల్పించును. ఫ్రెంచి గణితవేత్తలైన లాక్రువా, లగ్రాంజి, లప్లాసు గ్రంథములను ఆయన ఈ విధముగనే, గురువు లేక, అక్షరమక్షరము కూడబలుకుకొనుచు చదివెను. లింకన్‌లోని వృత్తికారుల విద్యాసంఘమున ఆయన బోధించెను. సర్ ఎడ్వర్డ్ బ్రోమ్‌హెడ్ అను గణితాభిమాని పుస్తకములు ఎరువిచ్చి ప్రోత్సహించెను.

కొలదికాలమునకే ఆయన వ్యాసములు కేంబ్రిడ్జి గణితపత్రికలో వెలువడసాగెను. విశ్లేషణగణితములోని ఒక పద్ధతిని గూర్చి వ్రాసిన వ్యాసమునకు 1844లో లండనులోని రాయల్ సొసైటీ రాయల్ మెడలు నిచ్చి గౌరవించెను. పట్టము లేని ఒక గ్రామీణ బడిపంతులు నాటి శాస్త్రజ్ఞుల సరసన నిలిచెను.

1849లో, ఐర్లండులోని కార్క్ నగరమున క్రొత్తగా నెలకొల్పబడిన క్వీన్స్ కళాశాలకు ఆయన ప్రథమ గణితాచార్యుడుగా నియమింపబడెను. దరఖాస్తు చేసికొన్నది 1846లో. పట్టము ఒక్కటియు లేదు. చేతిలో ఉన్నవి పండితుల సిఫారసులు, స్వంత వ్యాసములు మాత్రమే. మొదట చదువు చెప్పిన తండ్రి ఈ శుభవార్త వినకయే 1848 డిసెంబరులో కన్నుమూసెను. ఆ కాలమున ఐర్లండు మహాక్షామము పాలై అల్లాడుచుండెను. అట్టి దేశములో, అట్టి దినములలో, ఆయన మిగిలిన పదునైదేండ్లు బోధించెను.

ఆలోచనకు గణితము

తర్కశాస్త్రములో ఒక విషయమును గూర్చి ఎడింబరో ఆచార్యుడు సర్ విలియమ్ హేమిల్టనునకును, లండను గణితాచార్యుడు ఆగస్టస్ డీమోర్గానునకును వివాదము చెలరేగెను. ఈ డీమోర్గాను 1806లో మన దక్షిణదేశమునందలి మధురలో పుట్టినవాడు. ఆ వివాదము బూలు మనస్సులో ఎప్పటినుండియో ఉన్న భావమును కదిలించెను. 1847లో తర్కమునకు గణితవిశ్లేషణ అను చిన్న గ్రంథమును, 1854లో ఆలోచనా నియమముల పరిశీలన అను పెద్ద గ్రంథమును ఆయన ప్రకటించెను.

అందలి మూలభావమును ఒక బడి ఉదాహరణముతో చెప్పవచ్చును. పాఠశాలలోని విద్యార్థులందరును కలిసి ఒక సమూహము. దానికి గుర్తు 1. ఎవ్వరును లేని సమూహమునకు గుర్తు 0. సంగీతము నేర్చినవారిని క్ష అనియు, ఎనిమిదవ తరగతివారిని య అనియు పిలుతము. క్షను యతో గుణించుట యనగా రెండు లక్షణములును గలవారిని ఏరుట. మరి క్షను క్షతోనే గుణించినచో? సంగీతము నేర్చినవారిలోనుండి సంగీతము నేర్చినవారిని ఏరినచో మరల వారే వత్తురు. కావున క్ష వర్గము క్షతో సమానము.

సాధారణ సంఖ్యలలో ఈ నియమమునకు లోబడునవి రెండే. సున్నను సున్నతో గుణించిన సున్న. ఒకటిని ఒకటితో గుణించిన ఒకటి. రెండును రెండుతో గుణించినచో నాలుగగును, నియమము చెడును. కావున ఆలోచనకు సంబంధించిన గణితము 0, 1 అను రెండు విలువలకు పరిమితమైన గణితమే యని బూలు కనుగొనెను. ఒక వాక్యము నిజమైనచో దానికి 1, అబద్ధమైనచో 0. నేటి విద్యార్థి బూల్ విలువను ఇంట్‌గా మార్చినప్పుడు ట్రూ ఒకటి యగుటకును, ఫాల్స్ సున్న యగుటకును మూలము ఇదియే. అది యంత్రనిర్మాత తోచినట్లు పెట్టిన ఏర్పాటు కాదు. ఒక సమీకరణమునకు సమాధానము.

ఇంకొక విశేషము. పై సమీకరణమును కొంచెము తిప్పి వ్రాసినచో, క్షను, 1లో క్ష పోగా మిగిలినదానితో గుణించిన సున్న యని వచ్చును. 1లో క్ష పోగా మిగులువారు సంగీతము నేర్వనివారు. సంగీతము నేర్చియు నేర్వనివాడు ఎవ్వడును లేడని దీని భావము. అరిస్టాటిల్ కాలమునుండి ఆలోచనకెల్ల మూలసూత్రముగా ఎంచబడిన వైరుధ్యనియమము, బూలు చేతిలో, మరింత సులభమైన ఒక సమీకరణమునుండి పుట్టిన ఫలితమాయెను.

తిరుగు ప్రయాణము

వాక్యమును అంకెగా మార్చుట బూలు పనిలో సగము మాత్రమే. అంకెలతో లెక్క ముగిసిన పిమ్మట ఆ ఫలితమును మరల మాటలలోనికి మార్చవలెను. నడుమ జరుగు లెక్కలో తర్కమునకు అర్థము లేని రూపములు కూడ వచ్చుచుండును: సున్నను సున్నతో భాగించుట, ఒకటిని సున్నతో భాగించుట, రెండు అను అంకె మొదలైనవి. నడుమ దారి ఎట్లున్నను, మొదట నియమము తప్పక, తుదకు అర్థవంతమైన చోటికి చేరిన చాలునని బూలు వాదించెను.

అయితే ఆ తుదిమార్పునకు ఆయన నిర్దిష్టమైన విధులు చేసెను. ఒక భాగమునకు ఎదుట 1 వచ్చినచో ఆ భాగమునంతయు గ్రహింపవలెను. 0 వచ్చినచో పూర్తిగా విడువవలెను. సున్నను సున్నతో భాగించిన రూపము వచ్చినచో అందులో ఎంత గ్రహింపవలెనో నిశ్చయము లేదని తెలియవలెను. కొంత కావచ్చును, అంతయు కావచ్చును, ఏమియు కాకపోవచ్చును. ఇవి గాక మరి యేది వచ్చినను ఆ భాగము అసలు ఉండనే ఉండదని గ్రహింపవలెను. విలువను ఒక రకమునుండి మరియొక రకమునకు మార్చునప్పుడు ప్రతి సందర్భమునకును విధి ముందుగా నిర్ణయింపబడి యుండవలెనని ఈ నాలుగు విధులు చాటుచున్నవి. నేటి ప్రోగ్రామింగు భాషల నిర్మాతలు తమ వ్యాకరణములలో చేయుచున్న పనియు ఇదియే.

ఒకటియు ఒకటియు ఎంత?

ఈ గణితములో కూడిక చిక్కులు తెచ్చెను. బూలు దృష్టిలో రెండు సమూహములను కూడవలెనన్న ఆ రెండింటికిని ఉమ్మడి సభ్యులు ఉండరాదు. సంగీతము నేర్చినవారిని, ఎనిమిదవ తరగతివారిని ఉన్నదున్నట్లు కూడినచో రెంటిలోను ఉన్న బాలిక రెండుమారులు లెక్కకు వచ్చును. అది ఆయనకు సమ్మతము కాదు.

స్టాన్లీ జెవన్సు అను యువ పండితుడు 1863, 1864 సంవత్సరములలో ఈ విషయమై బూలుతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. క్షకు క్షను కూడినచో క్షయే రావలెను గదా యని జెవన్సు వాదము. సంగీతము నేర్చినవారో, సంగీతము నేర్చినవారో యని రెండుమారులు పలికినంతమాత్రమున వారు ఇబ్బడి యగుదురా? బూలు అంగీకరింపలేదు. ఆయన లెక్కలో అంకెల నియమములు అంకెలకు ఉన్నట్లే నిలువవలెను. ఇరువురును చివరివరకును తమతమ పట్టు విడువలేదు. తరువాతి తరములవారు జెవన్సు మార్గమునే అనుసరించిరి. నేడు బూలు పేరుతో పాఠ్యపుస్తకములలో చెప్పబడు బీజగణితములో ఒకటికి ఒకటి చేర్చిన ఒకటియే. కాని ఆ నియమమును బూలు తాను ఒప్పుకొనలేదు.

ఈ తగవు నేటికిని ప్రతి కంప్యూటరు తరగతిలో కనబడును. పైథాన్ భాషలో ట్రూ, ట్రూ అను రెండు విలువలను ఆర్ అను పదముతో కలిపినచో ట్రూ వచ్చును. అది జెవన్సు కూడిక. అవే విలువలను కూడిక గుర్తుతో కలిపినచో 2 వచ్చును. అప్పుడు ఆ విలువలు సత్యలోకమును విడిచి సంఖ్యాలోకమున ప్రవేశించినవి. రెండు సమాధానములును ఒప్పే. ఏ లోకములో నిలిచి ప్రశ్నించుచున్నామో ఎరుగుటయే ముఖ్యము.

గృహస్థజీవితము

1855లో బూలు మేరీ ఎవరెస్టును పెండ్లాడెను. ఆమె ఆయనకంటె పదునేడేండ్లు చిన్నది. పెండ్లికి పూర్వము ఆయనవద్ద గణితము నేర్చుకొన్నది. హిమాలయశిఖరమునకు ఎవరి పేరు పెట్టబడినదో ఆ సర్ జార్జి ఎవరెస్టు ఆమెకు పెదతండ్రి. ఆయనకును తెలుగునాటికిని సంబంధమున్నది. 1818లో లాంబ్టన్‌నకు సహాయకుడుగా హైదరాబాదు చేరి, మరుసటి సంవత్సరము కృష్ణా గోదావరుల నడుమ సర్వే చేయుచు విషజ్వరము పాలై, ఆరోగ్యముకొరకు దక్షిణాఫ్రికాలోని కేప్‌నకు పోవలసివచ్చెను. భారతదేశపు ఆలోచనాసంప్రదాయము ఎవరెస్టు ద్వారా బూలు మొదలగువారికి అందినదని మేరీ బూలు 1901లో జగదీశచంద్ర బోసునకు వ్రాసిన బహిరంగలేఖలో పేర్కొనెను. అది ఆమె విశ్వాసము.

వారికి ఐదుగురు కుమార్తెలు. మూడవ కుమార్తె ఆలీసియా కళాశాల చదువు లేకయే చతుర్మితీయ జ్యామితిలో పరిశోధనలు చేసెను. లూసీ రసాయనశాస్త్రము అభ్యసించెను. చిన్న కుమార్తె ఎథెల్ లిలియన్ వోయ్‌నిచ్ 1897లో ది గాడ్‌ఫ్లై అను ప్రసిద్ధనవలను రచించెను. 1857లో బూలునకు రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. అవకలనసమీకరణములపై 1859లోను, పరిమితభేదముల గణితముపై 1860లోను ఆయన వ్రాసిన పాఠ్యగ్రంథములు చాలకాలము విద్యార్థులకు ఉపకరించినవి.

1864 నవంబరు చివరి దినములలో ఒకనాడు, ఇంటినుండి కళాశాలకు సుమారు మూడు మైళ్లు నడచిపోవుచుండగా పెద్దవాన పట్టుకొన్నది. తడిసిన బట్టలతోనే ఆయన తరగతిలో నిలిచి పాఠము చెప్పెను. జ్వరము వచ్చి ఊపిరితిత్తులకు పాకెను. జబ్బును కలిగించిన కారణముచేతనే జబ్బు కుదురునని నమ్మి భార్య తడిదుప్పట్లు కప్పినదని ఒక కథ ప్రచారములో నున్నది. డిసెంబరు 8వ తేదీన, నలుబది తొమ్మిదవ యేట, బూలు కాలధర్మము నొందెను. ఐదుగురు బిడ్డలను పోషించుటకు మేరీ లండనునకు పోయి క్వీన్స్ కళాశాల గ్రంథాలయములో ఉద్యోగము చేసెను. పిల్లలకు గణితము బోధించు పద్ధతులపై గ్రంథములు వ్రాసెను. అట్టముక్కలకు రంధ్రములు చేసి, దారముతో సూటిగీతలు కుట్టించి, వక్రరేఖలు చూపు బోధనోపాయమును ఆమె ప్రచారము చేసినది.

యంత్రములోనికి

బూలు తర్కము చాలకాలము పండితుల గ్రంథములకే పరిమితమైయుండెను. 1937లో అమెరికాలో క్లాడ్ షానన్ అను ఇరువదియొక్కయేండ్ల విద్యార్థి తన సిద్ధాంతవ్యాసములో దానిని విద్యుత్ స్విచ్చులకు అన్వయించెను. స్విచ్చు మూసియున్నదా తెరచియున్నదా అను రెండు స్థితులు, బూలు చెప్పిన రెండు విలువలు. అట్టి స్విచ్చులతో అంకెలను కూడుటయు సాధ్యమని చూపెను. ద్విసంఖ్యామానములో ఒకటియు ఒకటియు కూడిన, వ్రాయవలసినది సున్న, ప్రక్కస్థానమునకు మోయవలసినది ఒకటి. ఖచ్చితముగా ఒక్కటియే నిజమైనచో వ్రాయునది ఒకటి. రెండును నిజమైనచో మోయునది ఒకటి. నేటి కంప్యూటరు చేయు కూడికయంతయు ఈ విధముగా సత్యాసత్యముల నిర్ణయముపైననే నిలిచియున్నది.

1960లో రూపొందిన ఆల్గాల్ భాషలో బూలు పేరు ఒక విలువరకమునకు పెట్టబడెను. సీ భాషలో మొదట ఆ రకము లేదు. సున్న అబద్ధము, తక్కిన యే అంకెయైనను నిజము. 1999 నాటి ప్రమాణములో ప్రత్యేకరకము చేర్చబడినది. పైథాన్‌లో 2003లో బూల్ వచ్చినది. అది పూర్ణాంకములలో ఒక తెగగా ఉంచబడినది. జావా భాష మాత్రము ఈ విలువకును అంకెకును మార్పిడి అంగీకరింపదు. బూలు, జెవన్సు ఒకమాటపైకి రాని విషయమున ఈ భాషలును ఒకమాటపై లేవు.

తరగతిగదిలో

ఇక విద్యార్థి విషయము. పైథాన్ భాషలో ఇన్‌పుట్ అను ఆజ్ఞ, మీటలపై ఏమి కొట్టినను స్ట్రింగుగనే తెచ్చును. ఒక బాలుని మార్కులు 45, 50 అని తెచ్చి కూడినచో 95 రాదు, 4550 వచ్చును. ఒక్కొక్కదానిని ఇంట్‌గా మార్చి కూడవలెను. 3.9 అను దశాంశసంఖ్యను ఇంట్‌గా మార్చినచో 3 మిగులును. మరల ఫ్లోట్‌గా మార్చినచో 3.0 వచ్చునే గాని పోయిన తొమ్మిది తిరిగి రాదు. 3.9 అను స్ట్రింగును సూటిగా ఇంట్‌గా మార్పబోయినచో యంత్రము తప్పని నిరాకరించును.

బూల్ మార్పిడిలో యంత్రము నిరాకరింపదు. అందుచేతనే అది మరింత అపాయకరము. శూన్యమైన స్ట్రింగు అబద్ధమనియు, ఒక్క అక్షరమున్నను నిజమనియు విధి. హాజరుపట్టీలో రానివారి పేరునకెదుట లేదు అని వ్రాసి ఆ మాటను బూల్‌గా మార్చినచో నిజమని వచ్చును. బడికి రాని బాలుడు వచ్చినట్లగును. ఫాల్స్ అను విలువను స్ట్రింగుగా మార్చి, ఆ స్ట్రింగును మరల బూల్‌గా మార్చినచో ట్రూ వచ్చును. రెండు చిన్న మార్పులతో అబద్ధము నిజమాయెను. యంత్రము విధిని తప్పలేదు. అది మాట ఉన్నదా లేదా అని చూచినదే గాని మాటకు అర్థమేమని చూడలేదు. కావలసినది మార్పిడి కాదు, పోలిక. ఈ మాట అవును అను మాటతో సమానమా యని అడిగినచో సరియైన సత్యము లభించును.

అదే మార్పిడి తగినచోట ఎంతయో మేలు చేయును. నలువదిమంది హాజరు నలువది బూల్ విలువలుగా నున్నచో వానిని కూడిన చాలును. 37 వచ్చినచో ముప్పదియేడుగురు వచ్చిరని తెలియును. కాని ఆ 37ను మరల బూల్‌గా మార్చినచో ఎవరో వచ్చిరని మాత్రమే మిగులును, ఎందరో తెలియదు.

కావున ఉపాధ్యాయులు మార్పిడి ఆజ్ఞలను వల్లెవేయించుటతో తృప్తిపడరాదు. ఈ విలువ ఏమి చెప్పుచున్నది, మారిన పిదప ఏమి చెప్పును, తిరిగి వచ్చునా రాదా అని ప్రతిసారియు అడిగింపవలెను. బూలు తన నాలుగు విధులను వ్రాయునప్పుడు అడిగికొన్న ప్రశ్నలు ఇవియే. లింకన్ పట్టణములోని ఒక చిన్న బడిలో, పగలు పాఠములు చెప్పి అలసి, రాత్రి దీపమునొద్ద ఒంటరిగా చదివిన ఒక పంతులు వానికి జవాబులు వెదకెను. నేడు లోకమునందలి ప్రతి కంప్యూటరులో ఆయన పేరు పనిచేయుచున్నది. పట్టములు లేకున్నను, గురువు దొరకకున్నను, విడువక అడుగు ప్రశ్నకు ఫలము తప్పదని ఆ జీవితము మన విద్యార్థులకు చెప్పుచున్నది.